ఎవరో... ఏమో... లోపలికి రండి!

కనుమ మధ్యాహ్నం. నాటుకోడి పులుసు, గారెలు కడుపునిండా తిని ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్ళక్కడ వాలిపోయారు. నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి వెళ్ళే దారిలో, ఇందుకూరుపేట దాటాక వచ్చే ఓ ఊళ్ళోని పాత మిద్దె ఇల్లది. రోడ్డుమీద పొద్దుట్నుంచీ ఒకటే రద్దీ. పండక్కి ఊళ్ళకొచ్చిన వాళ్ళంతా ఆటోల్లో, ట్రాక్టర్లలో, బైకుల మీద ముగ్గురేసి సముద్రం చూడ్డానికి పోతున్నారు. ఇంట్లో మాత్రం ఒక్కటే గొడవ... సినిమా!

2025 సంక్రాంతి అది. ముందురోజే 'సంక్రాంతికి వస్తున్నాం' విడుదలైంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మనవడు అందర్నీ నెల్లూరు తీసుకెళ్ళి ఆ సినిమా చూపిస్తానని మాటిచ్చాడు. ఫోను పట్టుకుని గంటసేపు కుస్తీ పట్టినా తొమ్మిది టిక్కెట్లు ఒకేచోట దొరకలేదు. పిల్లలు ముఖాలు మాడ్చుకున్నారు. అప్పుడు అవ్వ అంది.

"పోనీలే నాయనా. మా కాలం సంక్రాంతి సినిమా ఒకటుండాది. ఇంట్లోనే చూస్తాం. పెట్టు."

"ఏంటవ్వా అది?"

"మిస్సమ్మ."

మనవడు నవ్వుకుంటూ ఫోన్లో వెతికి టీవీకి కలిపాడు. తెలుపు నలుపు బొమ్మ కనబడగానే పిల్లలు "అబ్బా..." అన్నారు. పావుగంట గడిచాక ఆ పిల్లలే ముందుకు జరిగి కూర్చున్నారు.

నేల టిక్కెట్టు జ్ఞాపకం

అవ్వ చెప్పింది నిజమే. 'మిస్సమ్మ' సంక్రాంతి సినిమానే. 1955 జనవరి 12న విడుదలైంది. అంటే 2025 పండక్కి సరిగ్గా డెబ్బై ఏళ్ళు. విజయా సంస్థ సినిమా. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు, ఎల్వీ ప్రసాద్ దర్శకుడు. తమిళంలో కూడా 'మిస్సియమ్మ' పేరుతో తీసి రెండ్రోజుల తర్వాత పొంగల్‌కి వదిలారు. 1957లో హిందీలో 'మిస్ మేరీ' అయింది. మేరీ వేషానికి మొదట అనుకున్నది భానుమతిని. నిర్మాత చక్రపాణికీ ఆమెకూ మాట పట్టింపు వచ్చింది. రెండో కథానాయిక వేషానికి తీసుకున్న సావిత్రిని పైకి జరిపి, ఆ చోటు జమునకు ఇచ్చారు. అప్పటికే 'దేవదాసు'తో జనాన్ని ఏడిపించిన నాగేశ్వరరావు, ఆ విషాదం ముద్ర చెరుపుకోవడానికి ఇందులో ఉత్తుత్తి డిటెక్టివ్ వేషం వేశాడు.

అవ్వకు ఎనభై రెండేళ్ళు. ఈ సినిమా చూసేనాటికి పన్నెండో పదమూడో. కొత్త సినిమా పల్లెకు రావాలంటే ఆ రోజుల్లో నెలలు పట్టేది. డేరా వేసిన టూరింగ్ టాకీస్. కింద ఇసక. ముందు వరసలో నేల టిక్కెట్టు. ఇసకను దిండులా ఎత్తుగా పోసుకుని కూర్చునేవాళ్ళట. మధ్యలో రీలు తెగితే ఈలలు. సముద్రపు గాలికి తెర ఊగితే బొమ్మలో మనుషులు కూడా ఊగేవాళ్ళు! "రంగారావు పొట్ట ఇంకా ముందుకొచ్చేది" అని అవ్వ ఇప్పటికీ నవ్వుతుంది.

(ఆ పొట్ట, ఆ పెద్దరికం చూసి మోసపోకూడదు. పెళ్ళీడు కూతుళ్ళ తండ్రిగా నటించిన ఎస్వీ రంగారావుకు అప్పుడు 36 ఏళ్ళు. 'కొడుకు వయసు' ఎన్టీ రామారావుకు 31.)

కథ మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అప్పాపురం అనే ఊళ్ళో గోపాలం అనే జమీందారు. ఆయన పెద్దకూతురు మహాలక్ష్మి చిన్నప్పుడే పండగ జనంలో తప్పిపోయింది. ఆ పిల్ల పేరున బడి పెట్టాడు. పాఠాలు చెప్పడానికి బీయే చదివిన దంపతులు కావాలని ప్రకటన ఇచ్చాడు. మద్రాసులో ఉద్యోగం లేక తిరుగుతున్న ఎం.టి. రావు, మేరీ ఆ ప్రకటన చూశారు. ఇద్దరూ బీయేలే. దంపతులు కారు. ఆ మాటకొస్తే ఒకరికొకరు సరిగ్గా పరిచయం కూడా లేదు. అతను హిందువు, ఆమె క్రిస్టియన్. ఆకలి ముందు ఇవేవీ నిలవలేదు. మొగుడూ పెళ్ళాలుగా నటిస్తూ అప్పాపురంలో దిగారు. వెంట దేవయ్య అనే యాచకుణ్ణి కూడా తెచ్చారు. ఆ వేషం రేలంగిది. అక్కణ్ణుంచి నవ్వులే నవ్వులు.

డేవిడ్‌ది మన జిల్లానే

తెరమీద బక్కపలచటి మనిషొకడు కనబడగానే అవ్వ మోకాలు చరుచుకుంది. "ఇదిగో, వొచ్చినాడు మనోడు!"

రమణారెడ్డి. అసలు పేరు తిక్కవరపు వెంకట రమణారెడ్డి. నెల్లూరు దగ్గర జగదేవిపేటలో 1921లో పుట్టాడు. సినిమాల్లోకి పోకముందు నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. 'మాయాబజార్'లో చిన్నమయ్యగా మంత్రాలు వేసినా, 'గుండమ్మ కథ'లో గంటయ్యగా కొంపలు ముంచినా మాటలో నెల్లూరు సాగదీత ఎక్కడికీ పోలేదు. 1974లో వెళ్ళిపోయాడు. ఆ దారిలోని ఊళ్ళలో ముసలివాళ్ళకు ఆయన సినిమా నటుడిలా అనిపించడు, పక్కూరి బంధువులా అనిపిస్తాడు.

'మిస్సమ్మ'లో ఆయనది డేవిడ్ వేషం. మేరీ తండ్రికి అప్పిచ్చాడు. బాకీ తీర్చు, లేదంటే పిల్లనిచ్చి పెళ్ళి చెయ్యి అంటాడు. చూసినంతసేపూ నవ్వొస్తుంది. సినిమా అయ్యాక ఆలోచిస్తే కాస్త ఒళ్ళు జలదరిస్తుంది కూడా. కష్టంలో ఉన్నవాడికి డబ్బు సర్దాడు కదా, అదీ సాయమే. ఆ సాయానికి ఒక కొక్కెం ఉంది. మేరీ ముక్కూ మొహం తెలియనివాడి పక్కన భార్యగా నిలబడటానికి ఒప్పుకుందంటే ఆ కొక్కెం నుంచి తప్పించుకోవడానికే.

ఇటు డేవిడ్‌ను, అటు గోపాలాన్ని పక్కపక్కన నిలబెట్టి చూడాలి. తెలిసిన కుటుంబానికి లెక్క రాసుకుని సాయం చేసేవాడు ఒకడు. తెలియనివాళ్ళకు ఇల్లిచ్చి, వంట సామాను పంపి, తిన్నారా అని అడిగేవాడు ఇంకొకడు. గోపాలం భార్యగా ఋష్యేంద్రమణి అయితే మరీనూ. వచ్చిన పిల్ల ముఖం చిట్లించినా, కసురుకున్నా ఆ తల్లి చెయ్యి వెనక్కి పోదు.

మేరీ మంచి అతిథి కాదు. ఈ సంగతి సినిమాను పొగిడేవాళ్ళు తరచూ మరిచిపోతారు. ఆమె కోపిష్ఠి. మొహమ్మీదే తలుపు వేస్తుంది. పైగా ఆ ఇద్దరూ చెబుతున్నవి పచ్చి అబద్ధాలు. అందరికీ అన్నీ తెలుసు, ఆ ముసలి దంపతులకు తప్ప. మామూలు హాస్య చిత్రాల్లో ఇలా మోసపోయేవాళ్ళను చూసి ప్రేక్షకుడు నవ్వాలి. చక్రపాణి స్క్రిప్టులో చిత్రమేమిటంటే, నవ్వంతా అబద్ధం చెప్పేవాళ్ళ అవస్థ మీదే! నమ్మినవాళ్ళ మీద కాదు. రావు తడబడతాడు, మేరీ ఉడుక్కుంటుంది, దేవయ్య ఇద్దరి మధ్యా నలుగుతాడు. గోపాలం దంపతులు మాత్రం సినిమా మొత్తం హాయిగా, నిండుగా ఉంటారు.

వెర్రిబాగుల జమీందారా?

"ఇంత అమాయకంగా ఎట్లా నమ్మేస్తారవ్వా? కనీసం మ్యారేజ్ సర్టిఫికెట్ అడగాలి కదా!" అన్నాడు మనవడు.

"మా పెళ్ళికే సర్టిఫికెట్ లేదు" అంది అవ్వ.

అందరూ నవ్వారు. అవ్వ కొడుకు మాత్రం నవ్వలేదు. ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. పంట చేతికొచ్చే నెలలో రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని గట్టుమీద కాపలా కాసే మనిషి. ఓ రాత్రి కరెంటు మోటారు, ఇంకో రాత్రి మేత బస్తాలు పోగొట్టుకున్నాడు. కొన్నాళ్ళ కిందట పక్క వీధిలో నీళ్ళ ఫిల్టరు అమ్ముతామని వచ్చిన ఇద్దరు, మంచినీళ్ళు అడిగి ఓ పెద్దావిడ మెళ్ళో గొలుసు తెంపుకుపోయారు. కొత్తవాళ్ళను చూస్తే ఆయనకు భయం. ఆ భయాన్ని తప్పు పట్టడం తేలిక. గట్టుమీద ఒంటరిగా నిలబడితే తెలుస్తుంది.

"చివరికి ఆ మేరీ సొంత కూతురే అయింది కాబట్టి సరిపోయింది. కాకపోయుంటే? ఆ ముసలాయన నెత్తిన గుడ్డేసుకునేవాడు" అన్నాడాయన.

నిజానికి ఇది గట్టి ప్రశ్న. సినిమా ఇక్కడ కొంచెం తొండి ఆడింది. పాదమ్మీద పుట్టుమచ్చ చూసి మేరీయే మహాలక్ష్మి అని డిటెక్టివ్ మేనల్లుడు కనిపెడతాడు. దాంతో పెట్టిన అన్నమంతా సొంత బిడ్డకే పెట్టినట్టయింది. లెక్క సరిపోయింది! పరాయివాళ్ళకు చేసిన మేలు కాస్తా సొంతవాళ్ళ ఖాతాలో పడిపోతే, ఇంక అది పరాయివాళ్ళ కథ ఎలా అవుతుంది?

అవ్వ వక్కపలుకు నోట్లో వేసుకుంటూ చెప్పింది. "పుట్టుమచ్చ ఎప్పుడు కనపడిందిరా? ఆఖర్న. అన్నం ఎప్పుడు పెట్టింది? మొదట్న. ఆ మద్దెన ఆ పిల్ల ఎవురో వాళ్ళకు తెల్దు గదా?"

అంతే. ఇంకేం చెప్పలేదు. కొడుకు మాట్లాడలేదు.

ఆ ఇంట్లో ఎవరూ అనని మాట ఇంకొకటుంది. తప్పిపోయిన మహాలక్ష్మి ఇన్నేళ్ళు ఎలా బతికింది? పాల్ అనే క్రిస్టియన్, అతని భార్య పెంచారు. జనంలో ఏడుస్తున్న పిల్లను దగ్గరకు తీసి, పేరు పెట్టి, బీయే దాకా చదివించారు. ఆడపిల్ల డిగ్రీ చదవడమే అపురూపమైన రోజుల్లో! ఆ ఇల్లు అప్పుల్లో ఉంది. డేవిడ్ చేతుల్లో చిక్కింది. అయినా పిల్ల చదువు ఆగలేదు. గోపాలం తెలియని పిల్లకు అన్నం పెట్టకముందే, ఎవరో తెలియని మనుషులు గోపాలం పిల్లకు అన్నం పెట్టేశారు. సినిమాలో పాల్ కనిపించేది కాసేపే. పాటల్లేవు, పెద్ద మాటల్లేవు. నలుగురు పెద్ద తారల మధ్య ఆ దంపతులను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? 'మిస్సమ్మ' గురించి డెబ్బై ఏళ్ళుగా ఎంతో రాశారు, పాల్ గురించి రాసింది మాత్రం తక్కువే.

గోపాలం మంచితనానికీ ఓ లోపం ఉంది. ఒప్పుకోవాలి. ఆ దంపతులు ఏదీ అడగరు, నిజమే. కానీ అన్నీ అనేసుకుంటారు. మేరీ తమ కూతురే అన్నట్టు మీద పడి ముద్దు చేస్తారు. కడుపుతో ఉందనుకుని సీమంతం దాకా వెళ్తారు! పెళ్ళే కాని పిల్ల, తన మతం సంగతి కూడా నోరు విప్పి చెప్పుకోలేని పిల్ల, ఆ ఆర్భాటం మధ్య ఏమైపోవాలి? ప్రేక్షకులు పడీపడీ నవ్వే చోట మేరీకి ఊపిరాడదు. అడక్కపోవడం వేరు, అనేసుకోవడం వేరు. ఎదుటివాళ్ళకు చెప్పే వీలు మిగల్చాలి, చెప్పకుండా ఉండే వీలూ మిగల్చాలి. ఇది అప్పాపురం జమీందారుకు తెలియలేదు.

సముద్రం పక్కన బతికేవాళ్ళకు కాస్త తెలుసేమో. 1989 నవంబరులో పెద్ద తుఫాను కావలి దగ్గర తీరం దాటిన రాత్రి, ఈ మిద్దె ఇంటి నిండా జనమే. గుడిసెలు ఎగిరిపోయిన పట్టపు కాపులు, యానాదులు, పిల్లలు, కోళ్ళు, రెండు మేకలు. ఎవరు ఎవరో దీపం లేని చీకట్లో ఎవరికి తెలుసు? గంజి కాచి పోశారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజూ అంతే. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. తడిబట్టలతో పరుగెత్తుకొచ్చినవాళ్ళకు అవ్వ పెట్టెలో చీరలన్నీ తీసిచ్చింది. వాటిలో ఒకటి తిరిగొచ్చింది, ఉతికి మడతపెట్టి. తెచ్చిందెవరో గుర్తులేదు.

ఈ జిల్లాలో తెలియనివాళ్ళ చేతి నుంచి తీసుకోవడానికి ఏకంగా ఓ పండగే ఉంది. ఏటా మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా ఒడ్డున రొట్టెల పండగ. 2015లో రాష్ట్ర పండగగా ప్రకటించారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె... కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె తీసుకుంటారు. తీరితే మర్నాటి ఏడాది వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకెవరికో తిరిగి ఇస్తారు. ఇచ్చినవాళ్ళకే తిరిగివ్వాలన్న నియమం లేదు. అసలు వాళ్ళు దొరకరు కూడా. తలమీద కొంగు కప్పుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చేతులు మారే రొట్టెకు కులం, మతం, ఊరు ఎవరూ అడగరు. అవ్వ చాలా ఏళ్ళు వెళ్ళింది. మనవడికి ఉద్యోగం వచ్చాక రొట్టె తిరిగిచ్చిందీ ఆమే.

కొడవలూరు దగ్గర రెండు రాత్రులు

సినిమా అయిపోయింది. పిల్లలు గాలిపటాలు తీసుకుని మిద్దె ఎక్కారు. మనవడు పంచలో కూర్చుని నాన్నతో మాట్లాడుతున్నాడు.

ఇంగ్లిషులోనూ ఇలాంటి పండగ సినిమా ఒకటి చూశానన్నాడు. 'ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్'. 1987లో వచ్చింది. అమెరికా వాళ్ళ థాంక్స్ గివింగ్ పండక్కి ఇంటికి చేరాలని ఓ పెద్దమనిషి బయల్దేరతాడు. మంచు కురిసి విమానం దారి మళ్ళుతుంది. బాత్‌రూమ్ కర్టెన్లకు రింగులు అమ్ముకునే ఓ వాగుడుకాయ దారిపొడుగునా తగులుకుంటాడు. ఒకే గది, ఒకే మంచం, కాలిపోయిన కారు... చివరికి ఇల్లు చేరబోతుంటే ఆ వాగుడుకాయకు వెళ్ళడానికి ఇల్లే లేదని, భార్య పోయి ఎనిమిదేళ్ళయిందని తెలుస్తుంది. పెద్దమనిషి వెనక్కొచ్చి అతన్ని తనతో పండగ భోజనానికి తీసుకుపోతాడు.

"ఆ సినిమా చూసినప్పుడు నాకు కొడవలూరు గుర్తొచ్చింది నాన్నా" అన్నాడు.

2021 నవంబరు మూడో వారం. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి లక్షల క్యూసెక్కుల నీళ్ళు వదిలారు. పెన్న ఉగ్రరూపం. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. చెన్నై, కోల్‌కతా మధ్య దారే లేకుండా పోయింది. లారీలు, బస్సులు, కార్లు కిలోమీటర్ల పొడవున నిలిచిపోయాయి. హైదరాబాద్ నుంచి బస్సులో వస్తున్న మనవడు కొడవలూరు దగ్గర చిక్కుకుపోయాడు. ఫోను ఛార్జింగ్ అయిపోయింది. వాన. ఇల్లు చూస్తే పట్టుమని నలభై కిలోమీటర్లు లేదు, మధ్యలో సముద్రమంత పెన్న!

రోడ్డు పక్క ఇంటాయన ఒకాయన గొడుగేసుకుని వచ్చి బస్సు కిటికీ కొట్టాడు. ఆడవాళ్ళు, పిల్లలు ముందు దిగండి, మా ఇంట్లో చోటుంది అన్నాడు. తర్వాత కుర్రాళ్ళను పిలిచాడు. రెండు రాత్రులు. వరండాలో చాపలు, సాంబారన్నం, ఉదయం వేడినీళ్ళు. బస్సులో ఎవరెవరు ఉన్నారో, ఏ ఊరివాళ్ళో ఆయన కనుక్కోలేదు. కనుక్కునే తీరిక కూడా ఉన్నట్టు లేదు, మూడో వంతు పొలం నీళ్ళ కింద ఉంది.

"ఆయన పేరేంది?" అడిగాడు నాన్న.

మనవడు చాలాసేపు ఆలోచించాడు. అడగలేదు. వెళ్ళేటప్పుడు ఐదొందలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ తర్వాత ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళాడు, ఏసీ బస్సులో నిద్రపోతూ.

చైను తెగిన బండి

చీకటి పడింది. బీచి నుంచి తిరిగొచ్చే బండ్లు పలచబడ్డాయి. ఎనిమిది దాటాక గేటు చప్పుడైంది.

ఓ కుర్రాడు, ఓ అమ్మాయి. ఇద్దరికీ ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో. బట్టల నిండా ఇసక. బైకు తోసుకొచ్చారు. "చైను తెగింది అంకుల్. దగ్గర్లో మెకానిక్ ఉన్నాడా?"

కనుమ రాత్రి మెకానిక్కా! ఆ మాటే చెప్పాడు అవ్వ కొడుకు. ఊరెక్కడ అంటే గూడూరు అన్నారు. నెల్లూరు మీదుగా పోవాలి. ఆఖరి బస్సు పోయింది. ఆటో కోసం మనవడు రెండు ఫోన్లు చేశాడు. పండగ పూట ఎవరూ రామన్నారు. అమ్మాయి గేటు పట్టుకుని నిలబడింది. చలికి వణుకుతోంది.

లోపల కోడలు గుసగుసగా అంది, "మెళ్ళో తాళి లేదు. చూశారా?"

చూశాడు. చూశాడు కాబట్టే గేటు గడియ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. వీళ్ళెవరు? ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళా? రేపు పొద్దున ఏదన్నా అయితే? ఆ పిల్ల వాళ్ళ నాన్న వచ్చి గొడవ చేస్తే? లేదంటే ఆ నీళ్ళ ఫిల్టరు ముఠా లాంటిదే అయితే? ఇంట్లో పండక్కొచ్చిన ఆడపడుచులు, వాళ్ళ నగలు, చిన్నపిల్లలు. పోలీసులకు ఫోన్ చేద్దామా అని కొడుకు వైపు చూశాడు.

"మీరిద్దరూ..." అని మొదలుపెట్టాడు.

అమ్మాయి, అబ్బాయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జవాబు తయారు చేసుకుంటున్నారని ఆ చూపులోనే తెలిసిపోతోంది. మధ్యాహ్నం టీవీలో రావు, మేరీ చూసుకున్న చూపే.

మనవడు ముందుకొచ్చి గడియ మీదున్న నాన్న చెయ్యి మెల్లగా పక్కకు తీశాడు. "వరండాలో పడుకుంటాడులే నాన్నా. నేనూ అక్కడే పడుకుంటా" అన్నాడు. ఆయన ఏమనేవాడో గానీ, అప్పటికే నులకమంచం మీద నుంచి అవ్వ గొంతు వినబడింది.

"అన్నం తిన్నారా అడగండ్రా ముందు!"

తినలేదు. మిగిలిన పులుసు వేడిచేసి కోడలే వడ్డించింది. వడ్డించేటప్పుడు ఆమె ముఖంలో అనుమానం పోలేదు. పెట్టిన ముక్కల్లో మాత్రం లోపం లేదు. అమ్మాయికి అవ్వ గదిలో పక్క వేశారు. అబ్బాయి, మనవడు వరండాలో. అవ్వ కొడుకు ఆ రాత్రి గుంటల దగ్గరికి పోలేదు. టార్చిలైటు పక్కన పెట్టుకుని హాల్లో సోఫాలో కూర్చున్నాడు. రెండుసార్లు లేచి వరండాలోకి వెలుగు వేశాడు. రెండోసారి, అబ్బాయి కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉండటం చూసి, లోపల్నుంచి దుప్పటి తెచ్చి పడేశాడు.

ముక్కనుమ తెల్లారింది. మనవడు ఇందుకూరుపేట పోయి, మెకానిక్‌ను నిద్రలేపి, చైను లింకు పట్టుకొచ్చాడు. వాకిట్లో బండికి బిగిస్తున్నారు. వంటింట్లో అవ్వ పీట మీద కూర్చుని దోసెలు పోస్తోంది. అమ్మాయి స్నానం చేసి, కోడలి పాత చుడీదారు వేసుకుని, పొయ్యి పక్కన వచ్చి కూర్చుంది. కాసేపు పళ్ళెం వైపు చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"అవ్వా... మీకొక సంగతి చెప్పాలి. నేనూ అతనూ..."

పెనం మీద నుంచి అవ్వ దోసె తీసి ఆ పిల్ల పళ్ళెంలో వేసింది.

"చెబుదువులే అమ్మా. ఆరిపోతే బాగుండదు, ముందు తిను."

బయట బండి స్టార్టయిన చప్పుడు వినబడింది. అవ్వ కొడుకు లోపలికొచ్చి, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ, తనకూ రెండు దోసెలు వెయ్యమన్నాడు.